అప్‌డేట్: ప్రింటర్ లిస్టులోకి వచ్చింది, తప్పు ప్రింటర్‌ది కాదు

పోయిన వారం అడిగింది నేనే. కింద మా జిరాక్స్ షాపులో వైఫై ప్రింటర్, పైన ఇంట్లో నా ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్ సిస్టమ్) ల్యాప్‌టాప్. ప్రింటర్ యాడ్ చేద్దామంటే ఎంతసేపు వెతికినా లిస్టు ఖాళీ. ఐపీ అడ్రస్ చేత్తో కొడితే మాత్రం ప్రింట్ శుభ్రంగా వచ్చేది. అదే నన్ను తికమక పెట్టింది.

ఇక్కడ కొందరు ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా) ప్రింటర్ల చాటింపు వచ్చే దారి, యూడీపీ 5353 పోర్టు, తెరవమన్నారు, తెరిచాను. ఆ చాటింపు వినే ప్రోగ్రామ్ అవాహి కూడా నడుస్తూనే ఉంది. లాభం లేదు. ఆఖరికి ఒకరు "రెండింటి ఐపీలూ పక్కపక్కన పెట్టి చూడండి" అన్నారు. చూస్తే ప్రింటర్‌ది 192.168.1.20, ల్యాప్‌టాప్‌ది 192.168.0.105! మూడో సంఖ్య వేరు, అంటే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో లేవు. సిగ్నల్ అందట్లేదని పైన పెట్టిన రెండో రౌటర్, కేబుల్‌ను దాని ఇంటర్నెట్ పోర్టులో గుచ్చడంతో, వేరే నెట్‌వర్క్ నడుపుకుంటోంది. (ఆ కేబుల్ గుచ్చింది నేనే, మా ఇంట్లో చెప్పకండి.) ప్రింటర్ "నేనిక్కడున్నా" అని చాటింపు వేసేది ఎండీఎన్ఎస్‌తో (ఒకే నెట్‌వర్క్‌లోని పరికరాలు ఒకదాన్నొకటి కనుక్కునే పద్ధతి), 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రస్‌కి. ఆ చాటింపు రౌటర్ దాటదు. ఐపీ కొట్టి నేరుగా పంపిన ప్రింట్ మాత్రం దాటిపోతుంది.

రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ నడపకుండా కింది నెట్‌వర్క్‌నే పైకి అందించేలా) పెట్టి రీస్టార్ట్ చేశాను. ఈసారి ల్యాప్‌టాప్‌కి 192.168.1.34 వచ్చింది. నేను టీ తాగేలోపే ప్రింటర్ లిస్టులో కనిపించింది. చేత్తో పెట్టిన పాత ఎంట్రీ తీసేశాను, లేకపోతే ఒకే ప్రింటర్ రెండుసార్లు కనిపిస్తోంది.

నాన్న ఫోన్‌లో ఇంకా రావట్లేదు. అది గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా ఉంచేది) ఉంది, రాత్రికి మారుస్తాను.