సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్, మధ్యలో కెనడాలో ఎందుకు ఆపుతారు? అమ్మానాన్నల వీసా గురించి

ప్రయాణాలపిచ్చి:
అందరికీ నమస్తే. అమ్మానాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు, జులైలో అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామని అంతా అనుకున్నాక చూస్తే చివర్లో ఒక సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుందట, అదీ కొన్ని గంటలే, దిగకుండా ఓడలోనే కూర్చున్నా ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి కెనడా వీసా ఉండాలట, లేకపోతే సియాటిల్‌లోనే ఎక్కనివ్వరట. ఏ కంపెనీ చూసినా ఇదే వరస. ఆ చీకట్లో ఎవరు ఏం చూస్తారని ఆపుతారు? నాన్న "నాకొద్దులేరా, మీరెళ్లి రండి" అంటున్నారు, మనసు ఒప్పట్లేదు.

ఓడరేవు99:
వీసా తప్పదండి. ఇప్పుడే అప్లై చేసేయండి, బయోమెట్రిక్స్ అమెరికాలోనే ఇవ్వొచ్చు. వాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో కూడా ఒకసారి చూసుకోండి.

ఆపేది 1886 నాటి చట్టం వల్ల. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని అమెరికా రేవులే తిప్పి తెచ్చి దింపకూడదు, మధ్యలో ఇంకో దేశం రేవు తాకాలి. అప్పట్లో అమెరికా ఓడల్ని కాపాడుకోడానికి పెట్టారు. ఇప్పుడు పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట రిజిస్టరైనవే కదా, అందుకే ఆ విక్టోరియా.

కరోనా టైంలో ఈ రూల్ అలాస్కా వాళ్ల కడుపు మీద కొట్టింది. కెనడా పెద్ద క్రూజ్ ఓడల్ని రానివ్వలేదు, 2020 సీజన్ మొత్తం పోయింది, 2021 ఫిబ్రవరిలో ఇంకో ఏడాది పొడిగించారు. కెనడా రేవు తాకకుండా వెళ్లనివ్వదు అమెరికా చట్టం, తాకనివ్వదు కెనడా. చివరికి 2021 మేలో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి ఆ నిబంధన తాత్కాలికంగా పక్కన పెడితే జులైలో ఓడలు మొదలయ్యాయి.

ఆ ఆగస్టులో నేను అలాస్కాలోని స్కాగ్వే అనే చిన్న రేవు ఊళ్లో దిగాను. రేవు పక్కన కొండ గోడ మీద ఏళ్లుగా వచ్చిన ఓడల పేర్లు సిబ్బంది పెయింట్‌తో రాసి ఉంటాయి, అది చూస్తూ ఊళ్లోకి నడిస్తే మెయిన్ రోడ్డు మీద చాలా షాపులకి తాళాలే. ఊరి జనాభా 1,200 చిల్లర, 2019లో ఓడల్లో వచ్చింది దాదాపు 10 లక్షల మంది! ఏడాదంతా తినాల్సింది ఓడలొచ్చే ఆ ఐదు నెలల్లోనే సంపాదించుకోవాలి. 2020లో మున్సిపాలిటీ తనకొచ్చిన కోవిడ్ ఫండ్స్‌లోంచి మనిషికి నెలకి 1,000 డాలర్లు పంచి జనాన్ని నిలబెట్టుకుంది. ఓడకేముంది, ఇంకో సముద్రానికి పోతుంది, ఊరెక్కడికి పోతుంది?

నిదానంగా:
నిజమే, కానీ ఆంక్షలన్నీ ఒకటే అనుకోకండి. అలాస్కా రాజధాని జునోలో రద్దీ భరించలేక 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలే అని ఊరే కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది శనివారాలు పెద్ద ఓడలు అసలొద్దని ఓటింగ్ పెడితే మాత్రం జనం ఓడించారు. ముందే తెలిస్తే ఎవరి ఏర్పాట్లు వాళ్లు చేసుకుంటారు.

రాత్రికి రాత్రి ఆపేస్తేనే ప్రాణం మీదకొస్తుంది. నేను 2018లో క్రూజ్ మీద క్యూబాలోని హవానా వెళ్లాను, రేవు ఎదురుగా పాత టాప్‌లేని అమెరికన్ కార్లు వరసగా ఆపుకుని డ్రైవర్లు మా కోసమే నిలబడి ఉన్నారు. మమ్మల్ని తిప్పినాయన సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గుడ్డ తీసి డాష్‌బోర్డు తుడుచుకునేవాడు. 2019 జూన్ 4న అమెరికా ప్రభుత్వం క్యూబాకి క్రూజ్‌లు బంద్ అంది, మర్నాటి నుంచే అమలు. డాలర్లు అక్కడి మిలిటరీకి చేరకూడదన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆ డ్రైవర్ ఏం చేశాడండీ?

ప్రయాణాలపిచ్చి:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ కొండ గోడ సంగతి నాన్నకి చదివి వినిపించాను, మెత్తబడ్డారు. ఇవాళే అప్లికేషన్ పెట్టేశా. టూర్లు ఓడలో బుక్ చేయాలా, దిగాక ఊళ్లో వాళ్ల దగ్గరే తీసుకోవచ్చా?

ఓడరేవు99:
ఊళ్లోనే తీసుకోండి, ఓడ కమిషన్ లేకుండా డబ్బు వాళ్లకే వెళ్తుంది. కాకపోతే మీరు లేటైతే ఓడ ఆగదు, అమ్మానాన్నలతో కదా, గంట ముందే రేవుకి వచ్చేయండి.