అప్‌డేట్: మా బాల్ పైథాన్ ఎట్టకేలకు తిన్నది

డల్లాస్‌లో మేము పెంచుకుంటున్న బాల్ పైథాన్ (చిన్నజాతి కొండచిలువ) 9 వారాలుగా ఎలుకను ముట్టడం లేదని, బలవంతంగా తినిపించవచ్చునా అని లోగడ అడిగాను. నిన్న రాత్రి అది తిన్నది. మీరు సూచించినట్లు కొలిచి చూడగా దాని గాజు పెట్టెలో వెచ్చని వైపున 27 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉన్నది. అద్దానికి అంటించిన థర్మామీటరును నమ్మడం నా పొరపాటే. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను సరిచేసి 32కు తెచ్చాను, ఒళ్లు నలువైపులా తగిలేంత ఇరుకైన గూడు పెట్టాను, వారం రోజులు చేతిలోకి తీసుకోలేదు. ఫ్రీజరులోని ఎలుకను కరిగించి, తల భాగాన్ని వేడినీళ్లలో మరికాస్త వెచ్చబరచి, దీపాలార్పి పట్టకారుతో అందించగా, చాలాసేపు నాలుక ఆడిస్తూ చూసి, చేయి నొప్పిపుట్టి నేను వెనక్కి తీయబోతున్న క్షణంలో అందుకుని చుట్టేసింది. బరువు 1,240 గ్రాముల నుంచి 1,185కు మాత్రమే తగ్గినందున బలవంతపు తిండి ఆలోచన ముందే మానుకున్నాను. మా అమ్మ మాత్రం, నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి ఉంటే ఇన్నాళ్లు పట్టేది కాదని ఫోనులో ఇప్పటికీ అంటున్నది.