నాలుగు పేజీల ప్రపోజల్‌కి 14 హెడ్డింగులా?

పులుసుముక్క: మా మేనేజర్‌తో నిన్నంతా ఇదే గొడవ. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకదానికి సోలార్ పెట్టిస్తామని ప్రపోజల్ రాశా, ఒక్క వరసలో చదువుకుపోయేట్టు. ఆయనేమో పేరాకో హెడ్డింగ్ పెట్టమన్నాడు. పెట్టాక చూస్తే పెళ్ళి భోజనాల మెనూ కార్డులా ఉంది. మీ ఆఫీసుల్లోనూ ఇంతేనా?

టెండర్‌బాబాయ్: రాసింది నువ్వు కాబట్టి నీకు వరసగానే ఉంటుంది. నేను పర్చేజ్‌లో ఉన్నా, ఒక్క పనికి ఎనిమిది కొటేషన్లు వస్తాయి, ముందు రేటు చూస్తాం తర్వాత వారంటీ తర్వాత పేమెంట్ ఎప్పుడెప్పుడు అని, మిగతాది టీ తాగుతూ చూస్తాం, అదీ టైముంటే. వారంటీ ఎక్కడో మూడో పేజీ పేరా మధ్యలో దాక్కుంటే నీ కాగితం పక్కకే.

అచ్చుతప్పు: ఎన్ని పెట్టావని కాదు, ఏం రాశావని. "నేపథ్యం", "వివరాలు", "ఇతర అంశాలు"... వీటివల్ల ఎవడికేం తెలిసింది? "కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది" అని పెట్టు, ఓనర్ అక్కడే ఆగుతాడు. గవర్నమెంటు లెటర్లని నవ్వుకుంటాం గానీ పైన "విషయం" దగ్గరే సంగతంతా చెప్పేస్తారు, కింద "సూచిక"లో పాత లెటర్ల నంబర్లు. ఫైల్ వెతికేవాడికి అంతకన్నా ఏం కావాలి.

నైట్‌షిఫ్ట్: బోల్డ్ కొట్టి సైజు పెంచితే హెడ్డింగ్ అయిపోదండీ. మా టీమ్‌లో చూపులేని అన్న ఒకాయన ఎన్‌వీడీఏతో (స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతారు, హెచ్ నొక్కుతూ హెడ్డింగు నుంచి హెడ్డింగుకి దూకేస్తారు. వర్డ్‌లో హెడ్డింగ్ స్టైల్ (కంట్రోల్ ఆల్ట్ 1) ఇస్తేనే అది కుదిరేది, ఉత్త బోల్డ్ దానికి మామూలు లైనే. స్టైల్ ఇస్తే విషయసూచిక కూడా రెండు క్లిక్కుల్లో వచ్చేస్తుంది.

ప్లీడర్‌గారబ్బాయి: ప్రపోజల్ సరే, అగ్రిమెంట్ దగ్గర మాత్రం హెడ్డింగులు చూసి సంతకం పెట్టకండి. శీర్షికలు సౌకర్యం కోసమే, అర్థం తేల్చడానికి పనికిరావు అని చాలా కాంట్రాక్టుల్లో ఒక క్లాజ్ ఉంటుంది. పైన "వారంటీ" అని ఉండి కింద వారంటీ లేదని ఉన్నా, కింద ఉన్నదే లెక్క.

పులుసుముక్క: సరే, 14ని 5 చేశా, స్టైల్ కూడా ఇచ్చా. మొదటి పేజీకి మాత్రం పెట్టను, అది ఓనర్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉండాలి.

టెండర్‌బాబాయ్: ఇంతకీ రేటు ఏ పేజీలో ఉంది?

పులుసుముక్క: నాలుగులో.

టెండర్‌బాబాయ్: పైకి తే రా నాయనా.