రెప్లికా స్క్రిప్ట్‌కి ఎంతవరకు పెత్తనం ఇవ్వాలి?

పాలకొల్లు_కుర్రోడు:
రొయ్యల కొనుగోలు లెక్కలు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ మాది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. బిల్లులు ఎక్కే అసలుది (ప్రైమరీ) భీమవరం ఆఫీసులో, దాని నకలు (రెప్లికా) హైదరాబాద్‌లో. రెప్లికా చెడినప్పుడల్లా కాగితం చూసుకుంటూ పదిహేను కమాండ్లు చేత్తో కొడుతున్నాం. పాత డేటా చెరిపి కొత్త కాపీ తీయడం దగ్గర్నుంచి, ప్రైమరీ పడిపోతే రెప్లికానే ప్రైమరీగా మార్చేదాకా (ప్రమోట్) మొత్తం స్క్రిప్ట్‌కే అప్పగించేద్దామని నేనంటే, మా సీనియర్ గారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

ఆచంట_పాతకాపు:
మీ సీనియర్ గారిదే రైటు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు) వాళ్లు రెప్లికాని మళ్లీ కట్టబోయారు. ప్రైమరీ నుంచి కాపీ తీసే బేస్‌బ్యాకప్ కమాండు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే, డైరెక్టరీలో ఏదో మిగిలిపోయి అడ్డం పడుతోందనుకుని చెరిపేశారు. తీరా చూస్తే చెరిపింది ప్రైమరీలో! దాదాపు 300 జీబీ పోయింది, ఆరు గంటల డేటా మళ్లీ దక్కలేదు. అలాంటి లైను స్క్రిప్ట్‌లో పెట్టి నిద్రపోతారా?

అమలాపురం_లినక్స్:
గురువు గారూ, అది చేత్తో కొడితేనే కదండీ జరిగింది! రాత్రి పదకొండింటికి రెండు నల్ల స్క్రీన్లు పక్కపక్కన తెరుచుకుని ఉంటే ఏది ఏదో ఎవరికైనా తికమకే. స్క్రిప్ట్ అయితే ముందు స్టాండ్‌బై డాట్ సిగ్నల్ (standby.signal) ఫైలు ఉందో లేదో చూస్తుంది (పోస్ట్‌గ్రెస్ 12వ వెర్షన్ నుంచి రెప్లికాకి అదే గుర్తు), లేకపోతే అక్కడే ఆగుతుంది. అసలు చెరపడం దేనికి, పాత డైరెక్టరీ పేరు మార్చి పక్కన పెట్టండి, కొత్తది నాలుగు రోజులు బాగా నడిచాక తీసేయొచ్చు. డిస్కులో చోటు లేదంటారా, డిస్కు కొనండి.

ఇంకోటి. స్లాట్ (రెప్లికా అందుకునేదాకా మార్పుల చిట్టా చెరపొద్దని ప్రైమరీకి చెప్పేది) పెడితే హద్దు కూడా పెట్టండి. మా దగ్గర రెప్లికా మూడు రోజులు ఆగిపోతే ఎవరూ చూడలేదు, దాని కోసం స్లాట్ ఆ చిట్టా ఫైళ్లన్నీ (వాల్) దాచిపెట్టి చివరికి ప్రైమరీ డిస్కు నింపేసింది. ఉన్నదీ పోయె. 13వ వెర్షన్ నుంచి ఆ హద్దు కోసమే మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అనే సెట్టింగ్ వచ్చింది, దాన్ని కాగితం మీద రాసుకుంటే మర్చిపోతాం, స్క్రిప్ట్ మర్చిపోదు.

చెరువుగట్టు:
కట్టడం స్క్రిప్ట్‌కిచ్చేయండి, నాకు పేచీ లేదు. ప్రమోట్ దగ్గరే నా గొడవంతా. మా చెరువు మీద జనరేటర్‌కి ఆటో స్టార్ట్ ఉందండి, తెల్లారుజామున కరెంటు పోయి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కాపలా కుర్రాడు లేచేదాకా రొయ్య ఆగదు కాబట్టి. కానీ మధ్యలో ఛేంజోవర్ కూడా ఉంది, లైను కరెంటూ జనరేటరూ ఒకేసారి కలవకుండా. తమ్ముడూ, నీ స్క్రిప్ట్‌లో ఆ ఛేంజోవర్ ఏది? భీమవరం నెట్ తెగితే ప్రైమరీ చచ్చిపోయిందని హైదరాబాద్ అనుకుంటుంది, తనే ప్రైమరీ అయిపోతుంది. ఇక్కడ ఆఫీసులో వాళ్లు పాతదాంట్లోనే బిల్లులు కొడుతుంటారు. ఇద్దరు ప్రైమరీలు, ఆయ్!

గిట్‌ల్యాబ్ లాంటిదే అయిన గిట్‌హబ్‌కే 2018 అక్టోబర్ 21న లింకు 43 సెకన్లు తెగితే, ఆటోమేటిక్‌గా ప్రైమరీ అమెరికా అటు చివరికి మారిపోయి, సర్దుకోవడానికి 24 గంటలు దాటింది.

పాలకొల్లు_కుర్రోడు:
మరి పట్రోని (ప్రైమరీ ఎవరో ఓటింగ్‌తో తేల్చే ప్రోగ్రాం) పెడితే?

చెరువుగట్టు:
పెట్టు, కానీ ఇద్దరితో ఓటింగ్ కుదరదు. ఆ ఓటింగ్ నడిపే ఎట్‌సీడీ మూడు చోట్ల ఉండాలి, మూడోది భీమవరంలో పెట్టకు. అప్పుడు విడిపోయిన ప్రైమరీ తనంతట తనే దిగిపోతుంది. అయినా మీది అసింక్రనస్ రెప్లికేషన్ (నకలు అటు చేరిందో లేదో ఆగి చూడదు), చివరి నాలుగు బిల్లులు అటు చేరకపోవచ్చు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి, కాటా వేసి, చీటీ చేతికిచ్చిన రైతుకి బిల్లు లేదంటే ఊరుకుంటాడా? అది మనిషి చూసి తేల్చాల్సిన లెక్క.

పాలకొల్లు_కుర్రోడు:
ప్రమోట్ భాగం విడిగా తీసేశా, ఫోన్ వస్తే నేనే నడుపుతా. మిగతాది నిన్న టెస్ట్ సర్వర్ల మీద చూశా. కావాలనే ప్రైమరీ అడ్రస్ ఇస్తే "ఇది రెప్లికా కాదు" అని ఆగిపోయింది. సీనియర్ గారికి చూపిస్తే "సరే, సరైన అడ్రస్‌తో రెండుసార్లు నడుపు" అన్నారు. మొదటిసారి బాగానే కట్టింది. రెండోసారి, మొదటిసారి పెట్టిన స్లాటే అడ్డమై, ఆ పేరుతో స్లాట్ ముందే ఉందని ఎర్రర్ కొట్టింది. ఆయన నవ్వి టీకి వెళ్లిపోయారు.