విండోస్ 11 కాదన్న పీసీని మార్చాల్సిందేనా?

డాబాగార్డెన్స్ డీటీపీ:
మా దుకాణంలోని పీసీలో ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. శుభలేఖల నుంచి కరపత్రాల దాకా రోజంతా పని చేయించినా ఎక్కడా మొరాయించదు. అయినా విండోస్ 11కు ఇది పనికిరాదని తెరపై వస్తోంది. విండోస్ 10కు మామూలు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక కొత్తది కొనడమే మేలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

ఎంవీపీ మాస్టారు:
నేను కాదంటాను. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రంగా దాచే ఏర్పాటు) మీ బోర్డులోనే ఉండి ఉండవచ్చు; బయాస్‌లో, అంటే పీసీ ఆన్ కాగానే తెరవగల సెట్టింగుల్లో, పీటీటీ అనే పేరుతో, చాలాసార్లు ఆఫ్ చేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేసినా మీ ప్రాసెసర్‌ను మైక్రోసాఫ్ట్ జాబితా ఒప్పుకోదు, ఎందుకంటే ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచే అనుమతి ఉంది. అంటే యంత్రం చేతకానిదై ఆగలేదు, గీత గీసి ఆపారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకోండి, ఇంకో ఐదేళ్లు నడుస్తుంది.

డాబాగార్డెన్స్ డీటీపీ:
మాస్టారూ, మీ వాదన ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయింది. నా పనంతా పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ (నేటి ఉమ్మడి అక్షర ప్రమాణం) కాని పాత తెలుగు ఫాంట్లతో జరుగుతుంది. మింట్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ పెట్టి పేజ్‌మేకర్ తెరిచి చూశాను. తెరుచుకుంది గానీ ఆ ఫాంట్లలో తెలుగు టైపు చేయించే కీబోర్డు మేనేజర్ పలకలేదు. ‘శ్రీరస్తు’ అని కొడితే ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ముహూర్తాలు దగ్గర పడిన వేళ ఈ ప్రయోగాలు నావల్ల కావు.

అక్కయ్యపాలెం సర్వీసు:
ఇద్దరూ ప్రింటర్‌ను మరిచారు. లినక్స్‌లో పాత సౌండు కార్డులకు, నెట్‌వర్క్ కార్డులకు కావలసిన డ్రైవర్లు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు) చాలావరకు కెర్నెల్‌తోనే, అంటే లినక్స్ మూలభాగంతోనే, వస్తాయి గనుక అక్కడ చిక్కు తక్కువ. చవక లేజర్ ప్రింటర్ల సంగతి వేరు: వాటిలో చాలా రకాలు పేజీని తయారుచేసే పనిని పీసీకే వదిలేస్తాయి కాబట్టి, ఆ మోడల్‌కు తగిన డ్రైవర్ లేకపోతే కేబుల్ పెట్టినా ఉలకవు, పలకవు. పేజీని వర్ణించే భాషలైన పీసీఎల్ లేదా పోస్ట్‌స్క్రిప్ట్ అర్థమయ్యే ప్రింటరైతే ఈ బెడద అంతగా ఉండదు.

ప్రాసెసర్ తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయం ఉంది, ఏడో తరంపై నడుస్తుంది కూడా. అయితే అలాంటి పీసీకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. దుకాణానికి నేను దాన్ని సిఫారసు చేయను. పేజ్‌మేకర్ ఉన్న విండోస్ 10ను నెట్ తీసేసి అలాగే ఉంచి, మెయిలు, వాట్సాప్ పనులకు మరో ఎస్‌ఎస్‌డీలో లినక్స్ వేసుకోవడం నాకు సబబుగా తోస్తోంది. కొత్త పీసీ కొన్నా, పాత ప్రింటర్ డ్రైవర్ 32 బిట్‌దే అయితే విండోస్ 11లో అది పనిచేయదని ముందే గమనించండి. విండోస్ 11లో 64 బిట్ రూపం ఒక్కటే ఉంది.

ఎంవీపీ మాస్టారు:
ఫాంట్ల విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. పీసీని పడేయాలన్న మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

డాబాగార్డెన్స్ డీటీపీ:
సర్వీసు గారూ, ఆదివారం మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉంటుంది. మింట్ పెన్‌డ్రైవ్ తీసుకురండి; దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండానే, దాని నుంచే మింట్‌ను నడిపి ముందు ఒక పేజీ ప్రింటు తీసి చూద్దాం.