వ్యాన్‌లో రెండో బ్యాటరీ ఎక్కట్లేదు, ఎవరైనా దారి చెప్పండి

నాగావళి ఒడ్డు
పొద్దున్నుంచీ వ్యాన్ కిందే ఉన్నాను, నడుం పట్టేసింది. వెనక పెట్టిన రెండో బ్యాటరీ ఛార్జి ఎక్కట్లేదు. బండి స్టార్ట్ చేయగానే రెండు బ్యాటరీలనీ కలిపే రిలే టక్కుమని పడుతుంది, కాసేపటికి మళ్ళీ టక్కుమని వదిలేస్తుంది. నిన్న శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళి వచ్చాం. దారంతా ఇంజిన్ నడిచింది కదా, ఇంటికొచ్చి మీటరు పెడితే 12.1 వోల్టుల దగ్గరే ఉంది. రిలే కొత్తది వేశాను. వైరు చివర్ల లగ్గులు మళ్ళీ కొట్టాను. అమ్మిన షాపులో అడిగితే పెద్ద బ్యాటరీ వేసుకోమంటున్నారు. రాత్రి రెండు దాటితే ఫ్రిజ్ ఆగిపోతోంది. వచ్చే వారం అమ్మానాన్నల్ని తీసుకుని బయల్దేరాలి, టెన్షన్‌గా ఉంది. 200 ఆంప్స్ బ్యాటరీ వేస్తే సరిపోతుందా? ఏ కంపెనీది మంచిది?

బొబ్బిలి మెకానిక్
ఏ బండి? ఏ సంవత్సరం? ఇప్పుడున్న బ్యాటరీ ఏది?

చీపురుపల్లి సోలార్
తమ్ముడూ, ఇంజిన్ జోలికే వెళ్ళకు. మన దగ్గర ఎండకి కరువా? టాప్ మీద 200 వాట్ల ప్యానెల్, కింద ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఎంపీపీటీ కంట్రోలర్ ఒకటి పెట్టుకో. ఎండాకాలంలో పడుకోబెట్టిన ప్యానెల్ నుంచి కూడా రోజుకి 700 వాట్ అవర్లకి తక్కువ రాదు. ప్యానెల్‌కీ టాప్‌కీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదులు. వేడెక్కితే ప్యానెల్ ఇచ్చేది తగ్గుతుంది, గాలి ఆడితే చల్లగా ఉంటుంది. లోపల పడుకున్న వాళ్ళకి పైన నీడ కూడా దొరుకుతుంది. స్క్రూ బెజ్జాల చుట్టూ సీలెంట్ బాగా పట్టించు, లేకపోతే మొదటి వానకే పరుపు తడుస్తుంది. డీజిల్ కాల్చి బ్యాటరీ నింపుకోవడం నాకు నచ్చదు.

టెక్కలి ఎలక్ట్రీషియన్
ముందు ఒక మాట. 200 ఆంప్స్ బ్యాటరీ అనకండి, ఆంపియర్ అవర్ అనండి. ఆంప్స్ అంటే ఆ క్షణంలో వైరులో పారేది, ఆంపియర్ అవర్ అంటే బ్యాటరీలో పట్టేది. ఈ రెండూ కలిపేస్తే వైరు సైజూ తప్పుతుంది, ఫ్యూజూ తప్పుతుంది. ఇంకోటి, మీ వ్యాన్‌లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే ఎర్తింగ్ ఎలా చేశారు?

నాగావళి ఒడ్డు
ఆంపియర్ అవరే అండీ. ఇన్వర్టర్ ఉంది, దాని మీద టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంది. సోలార్ అన్నా, మేం ఎక్కడ ఆగినా చెట్టు నీడ చూసుకునే ఆపుతాం. అమ్మ ఎండలో కూర్చోలేదు. నీడలో ప్యానెల్ ఏం పని చేస్తుంది?

ఉద్దానం కొబ్బరి
2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మా ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లన్నీ తీగల మీదే పడ్డాయి. అప్పుడు ట్రాక్టర్ బ్యాటరీ ఇంట్లోకి తెచ్చి ఫోన్లు ఛార్జి చేసుకున్నాం. ఇలాంటి వ్యాన్ ఒకటి ఊళ్ళో ఉంటే ఎంత ఆసరా అయ్యేదో. మీరు పూర్తి చేశాక ఫొటోలు పెట్టండి, నాకూ ఒకటి చేయించుకోవాలని ఉంది.

బొబ్బిలి మెకానిక్
బండి ఏదో ఇంకా చెప్పలేదు.

నాగావళి ఒడ్డు
2021 మోడల్ డీజిల్ వ్యాన్. వెనక సీట్లు తీసి మంచం కట్టించాను. బ్యాటరీ మా ఇంటి ఇన్వర్టర్‌ది, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్, అదే నీళ్ళు పోసే లెడ్ బ్యాటరీ, ఇంట్లో బాగానే పని చేసింది. ముందు బ్యాటరీ నుంచి వెనక దాకా రెండు వైర్లు లాగాను, ఐదు మీటర్లు ఉంటుంది. ఇంటి వైరింగ్‌కి వాడే 4 స్క్వేర్ ఎం.ఎం. కాపరే, నకిలీది కాదు. ఫ్రిజ్ 12 వోల్టులది, 30 లీటర్లు. చిత్రం ఏమిటంటే, మొన్న సాలూరు ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మాత్రం రిలే పడి అలాగే నిలబడింది, మీటరు 14.8 చూపించింది. కిందికి వచ్చి రోడ్డు చదునయ్యాక మళ్ళీ వదిలేసింది. అందుకే రిలేదే తప్పు అనుకుని మార్చాను.

బొబ్బిలి మెకానిక్
బీఎస్ 6 బండి. డైనమో స్మార్ట్ డైనమో అయ్యుంటుంది. దానికి రిలే పనికిరాదు.

టెక్కలి ఎలక్ట్రీషియన్
డైనమో కాదు, ఆల్టర్నేటర్. డైనమోలు ఎప్పుడో పోయాయి.

బొబ్బిలి మెకానిక్
మా షెడ్డులో అందరూ డైనమో అనే అంటారు. బండి అదే, పని అదే.

విజయనగరం కోటవీధి
నేను అంబులెన్సులకీ, మొబైల్ వ్యాన్లకీ లోపలి వైరింగ్ చేస్తుంటాను. బొబ్బిలి అన్న చెప్పింది కరెక్ట్, ఎందుకో కొంచెం విడమరిచి చెబుతాను.

పాత బండ్లలో ఇంజిన్ నడిచినంతసేపూ ఆల్టర్నేటర్ 14 వోల్టులకి అటూ ఇటూగా ఇస్తూనే ఉంటుంది. రిలే 13.3 దగ్గర కలిసి, 12.8కి పడిపోతే విడిపోతుంది. ఆ బండ్లకి ఆ లెక్క చక్కగా కుదిరింది. కొత్త బండ్లు చాలావాటిలో ముందు బ్యాటరీ నిండిందని కంప్యూటర్ అనుకోగానే, డీజిల్ ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజి తగ్గించేస్తుంది, 12.5 దాకా దిగొచ్చు. రిలే అది చూసి ఇంజిన్ ఆగిపోయిందనుకుని విడిపోతుంది. అదే ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. అప్పుడు వచ్చే శక్తి ఉచితం కాబట్టి కంప్యూటర్ వోల్టేజి పైకి లేపుతుంది. మీకు సాలూరు ఘాట్లో 14.8 కనిపించింది అందుకే. రిలేలు రెండూ మంచివే, అవి చేయాల్సిన పని అవి చేశాయి.

నమ్మకం కుదరాలంటే మీటరు ముందు బ్యాటరీకి పెట్టి, హెడ్‌లైట్లు ఆపి, ఇరవై నిమిషాలు నడిపించండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి అంకెలు రాయించండి, మీరు నడుపుతూ చూడొద్దు.

మీకు కావాల్సింది డీసీ-డీసీ ఛార్జర్. ముందు నుంచి 12.5 వచ్చినా, 14.8 వచ్చినా, వెనక బ్యాటరీకి కావాల్సిన వోల్టేజి అదే తయారు చేసి ఇస్తుంది. దానికో సన్న సిగ్నల్ వైరు ఉంటుంది, దాన్ని ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే కరెంటు వచ్చే చోట కలపండి. లేకపోతే బండి ఆపాక కూడా ముందు బ్యాటరీని పీల్చేస్తుంది, పొద్దున్న స్టార్ట్ అవదు.

ఇక వైరు. 30 ఆంప్స్ ఛార్జర్ ముందు నుంచి దాదాపు 40 ఆంప్స్ లాగుతుంది. పోనూ రానూ పది మీటర్లు, 4 స్క్వేర్ వైరు అంటే 1.75 వోల్టులు దారిలోనే పోతాయి. పోయిందంతా వేడిగా మారుతుంది, అదీ కార్పెట్ కింద. 16 స్క్వేర్ వేస్తే ఆ నష్టం అర వోల్టు లోపే. ఫ్లెక్సిబుల్ కాపర్ కేబుల్, వెల్డింగ్ కేబుల్ అన్నా ఇస్తారు. రబ్బరు గ్రోమెట్ లేకుండా రేకు బెజ్జంలోంచి మాత్రం లాగకండి. గతుకులకి రేకు అంచు కోసేస్తుంది.

ఫ్యూజు రెండు చివర్లా ఉండాలి. రెండు బ్యాటరీలూ కరెంటు ఇవ్వగలిగినవే కదా, వైరు మధ్యలో నలిగితే రెండు వైపుల నుంచీ మంట వస్తుంది. ప్రతి పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు దూరంలో 60 ఆంప్స్‌ది ఒక్కొక్కటి. మీ పోస్టులో ఫ్యూజు మాటే లేదు. ఉంటే సరే, లేకపోతే ఈ రాత్రే ఆ వైరు విప్పి పక్కన పెట్టండి.

నాగావళి ఒడ్డు
ముందు వైపు ఒకటి ఉంది. వెనక లేదు. విప్పేస్తున్నాను. నెగటివ్ ముందు బ్యాటరీ టెర్మినల్‌కే బిగించాను, అది పర్లేదా?

విజయనగరం కోటవీధి
అక్కడ వద్దు. ఆ నెగటివ్ టెర్మినల్ మీద అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్ల డబ్బా, దానికో చిన్న ప్లగ్గు కనిపిస్తున్నాయా? అది సెన్సార్. బ్యాటరీలోకి ఎంత వెళ్ళింది, ఎంత వచ్చింది అన్నది అదే లెక్క కడుతుంది. మీ వైరు దాన్ని దాటేసి నేరుగా టెర్మినల్‌కి తగిలితే ఆ లెక్క తప్పుతుంది. ఛాసిస్ మీద కంపెనీ ఇచ్చిన ఎర్త్ బోల్టుకి బిగించండి. పెయింట్ గీకి, మెరిసే రేకు కనిపించాక లగ్గు పెట్టి, పైన గ్రీజు రాయండి. సముద్రపు గాలికి కాపర్ లగ్గులు పచ్చగా పూస్తాయి.

టెక్కలి ఎలక్ట్రీషియన్
ఇదిగో, ఇక్కడే అందరూ తికమక పడేది. ఎర్త్ అంటే భూమి. టైర్ల మీద నిలబడ్డ బండికి భూమి ఎక్కడిది? రాత్రి ఆగిన చోట రాడ్డు పాతి, బాడీకి వైరు కలపాలి. ఎర్తింగ్ లేని ఇళ్ళలో తడి చేత్తో గ్రైండరు ముట్టుకుని పడిపోయిన వాళ్ళని చూశాను, అందుకే చెబుతున్నాను.

బొబ్బిలి మెకానిక్
12 వోల్టులకి రాడ్డు ఏటి గురువుగారూ.

టెక్కలి ఎలక్ట్రీషియన్
12 గురించి కాదు. ఆయన ఇన్వర్టర్ 230 ఇస్తుంది. రేకు పెట్టెలో 230 ఉంది, లోపల ముసలివాళ్ళు పడుకుంటారు.

విజయనగరం కోటవీధి
గురువుగారి భయం న్యాయమైనదే. రాడ్డు కన్నా ముందు చూడాల్సింది, ఇన్వర్టర్ బాడీ ఛాసిస్‌కి గట్టిగా కలిసి ఉందా అని. దాని తరవాత 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. న్యూట్రల్ ఎక్కడా బాడీకి కలవని ఇన్వర్టర్ అయితే ఆర్‌సీసీబీ పెట్టినా ట్రిప్ అవదు, కాబట్టి దాని పుస్తకం చూసి, తెలిసినవాళ్ళతో చేయించండి. నన్నడిగితే అసలు ఇన్వర్టరే తీసేయమంటాను. టేబుల్ ఫ్యాన్ 50 వాట్లు, ఇన్వర్టర్ తన వాటా కలుపుకుంటే 60. ఎనిమిది గంటలకి 480 వాట్ అవర్లు. 12 వోల్టుల డీసీ ఫ్యాన్ 20 వాట్లలో అదే గాలి ఇస్తుంది, 160తో పోతుంది. మీ ఫ్రిజ్ ఆగిపోవడానికి సగం కారణం ఆ ఫ్యానే.

నాగావళి ఒడ్డు
ఫ్రిజ్ మాత్రం ఆగకూడదండీ. అమ్మకి ఇన్సులిన్ ఉంది. ఫ్రిజ్ పెట్టిందే దానికోసం.

పార్వతీపురం సిస్టర్
బాబూ, ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా లేదా పెన్ను చాలా రకాలకి 30 డిగ్రీల లోపు దాదాపు నాలుగు వారాలు బయట ఉండొచ్చు, మీ అమ్మగారి పెట్టె మీద ఎంత రాసి ఉందో చూడండి. కానీ ఎండలో మూసి ఉంచిన వ్యాన్‌లో 30 ఎక్కడ ఆగుతుంది? ఇంకా ముఖ్యం, చిన్న ఫ్రిజ్‌లలో గోడకి ఆనించి పెట్టకండి, అక్కడ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు, పారేయాలి. టవల్లో చుట్టి మధ్యలో పెట్టి, పక్కన ఒక థర్మామీటరు పడేయండి. ఫ్రిజ్ ఆగితే తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టి నీడన ఉంచండి. కొన్ని గంటలు గండం గడుస్తుంది. మొత్తం మందు ఒకే చోట పెట్టుకుని బయల్దేరకండి.

విజయనగరం కోటవీధి
సిస్టర్ గారూ, మంచి మాట చెప్పారు. అయితే లెక్క ఫ్రిజ్ నుంచే మొదలుపెడదాం. 45 వాట్ల కంప్రెసర్ ఎండాకాలంలో సగం సమయం తిరుగుతుందనుకుంటే రోజుకి 540 వాట్ అవర్లు. డీసీ ఫ్యాన్ 160. లైట్లు 50, ఫోన్లు 50. అన్నీ కలిపి 800. మీ ట్యూబులర్‌లో 1,800 ఉన్నా సగానికి మించి వాడితే తొందరగా చచ్చిపోతుంది, అంటే 900. సరిపోతుంది, కానీ పెద్దగా మిగులు లేదు. పైగా ట్యూబులర్ చివరి ఇరవై శాతం చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, రెండు మూడు గంటల ప్రయాణంలో పూర్తిగా నిండదు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మంచం కింద పెడితే మూత ఉన్న పెట్టెలో పెట్టి, పైనుంచి గొట్టం బయటికి తీయాలి. నిలువుగా, బెల్టుతో కదలకుండా కట్టాలి.

వీలైతే 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారండి. 1,280లో వెయ్యి పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు, 30 ఆంప్స్ ఛార్జర్ గంటకి 400 పెడుతుంది. రాత్రంతా వాడింది రెండు గంటల్లో వచ్చేస్తుంది. ఒక్కటే జాగ్రత్త, లోపల బాగా వేడెక్కితే దాని బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఛార్జింగ్ ఆపేస్తుంది. ఎండలో నిలబెట్టిన బండి తలుపులు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. ట్యూబులర్‌తోనే వెళ్తానంటే ఛార్జర్ 20 ఆంప్స్‌కి సెట్ చేయండి.

ఫ్రిజ్‌కి సిగరెట్ సాకెట్ వద్దు, విడిగా 6 స్క్వేర్ వైరు, విడి ఫ్యూజు. దాని వోల్టేజి సెట్టింగ్ హైలో ఉంటే లో చేయండి. హై అన్నది ముందు బ్యాటరీని కాపాడటానికి, మీకు అక్కర్లేదు.

రాజాం రవాణా
ఇంతమంది ఇంత చెప్పారు, ఆర్‌సీ సంగతి ఎవరూ అడగలేదు. సీట్లు తీసేశానన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట చూసేది అదే. ఆర్టీవో ఆఫీసులో అడిగి కాగితం తెచ్చుకోండి.

చీపురుపల్లి సోలార్
చెట్టు నీడ అన్నారు కదా, మడత పెట్టే ప్యానెల్ దొరుకుతుంది. బండి నీడలో, ప్యానెల్ ఎండలో. పది మీటర్ల వైరు చాలు. రెండ్రోజులు ఒకే చోట ఆగితే ఇంజిన్ నడపకుండా ఆ ఫ్రిజ్ ఎలా నడుస్తుంది? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

విజయనగరం కోటవీధి
ఆ మాట నిజమే. రెండ్రోజులు ఆగేట్టయితే సోలార్ కావాలి.

నాగావళి ఒడ్డు
ఇప్పుడే బైపాస్ మీద నడిపి చూశాం, తమ్ముడు అంకెలు రాశాడు. స్టార్ట్ చేయగానే 14.3, పది నిమిషాలకి 12.7, ఆ తరవాత అక్కడక్కడే. బ్రేకు వేసినప్పుడల్లా 14.6. డీసీ-డీసీ ఆర్డర్ పెట్టాను, కేబుల్ రేపు విజయనగరంలో తెచ్చుకుంటా. లిథియం వచ్చే నెల చూస్తా. రాజాం గారూ, ఆర్టీవోకి వెళ్తాను. థాంక్స్ అందరికీ.

టెక్కలి ఎలక్ట్రీషియన్
ఇన్వర్టర్ తీసేస్తున్నారా, ఉంచుతున్నారా?

ఉద్దానం కొబ్బరి
నేను చూస్తున్నది 2012 బండి. దానికి మామూలు రిలే సరిపోతుందా?

బొబ్బిలి మెకానిక్
సరిపోతుంది. వెనక వేసేది కూడా మామూలు బ్యాటరీయే అయితే.