పాల కేంద్రం లెక్క కోడ్ లేకుండా: నో-కోడ్‌లో పోయిన పని ఏది, మిగిలిన పని ఏది?

పాలపుంత (ప్రశ్న)

120 మంది రైతులు రెండు పూటలా పాలు పోసే కేంద్రం. లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) నమోదు చేసి, రేటు చార్టు ప్రకారం లెక్క కట్టి, పది రోజులకోసారి బిల్లు ఇవ్వాలి. ఇప్పుడు నడుస్తున్నది ఫాక్స్‌ప్రోలో (పట్టికల లెక్కలకి వాడే పాత ప్రోగ్రామింగ్ సాధనం) రాసిన పాత ప్రోగ్రాం. దాన్ని గూగుల్ షీట్ మీద యాప్‌షీట్‌కి (కోడ్ రాయకుండా షీట్ నుంచి ఫోన్ యాప్ తయారుచేసే సాధనం) మార్చాలి. రెండు సందేహాలు. "మామూలు ఇంగ్లీషులాగే ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు" అన్న మాట కోబాల్ (ఇంగ్లీషు మాటల్లో రాసే పాత ప్రోగ్రాం భాష) నాటి నుంచీ ఉంది. మరి ఇన్నేళ్ళలో నిజంగా ఏ పని తప్పింది? తప్పని పని యాప్‌షీట్‌లో ఎక్కడ ఎదురవుతుంది? పట్టికలు ఎలా వేసుకోవాలో కూడా చెప్పగలరు.

గళ్ళనోటు

పాలపుంత గారూ, నో-కోడ్‌కి పూర్వీకుడు కోబాల్ కాదు, ఆర్‌పీజీ (రిపోర్టులు తయారుచేసే పాత ప్రోగ్రాం భాష) అంటాను.

1952లో గ్రేస్ హాపర్ చేసిన ఏ-0 ప్రోగ్రాంతో, టేపు మీద సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం ముక్కల్ని నంబరు చెప్తే యంత్రమే కూర్చుకోవడం మొదలైంది. 1957లో ఫోర్ట్రాన్ భాష వచ్చి లెక్కల సూత్రాన్ని సూత్రంలాగే రాయనిచ్చింది. 1960 నాటి కోబాల్‌లో మీ లెక్క "మల్టిప్లై లీటర్స్ బై రేట్ గివింగ్ అమౌంట్". మాటలు తేలికే. కానీ ఏ అడుగు ముందు, ఏది తర్వాత, ఎప్పుడు ఆగాలి అన్నది అంతా రాసేవాళ్ళే చెప్పాలి.

ఐబీఎం 1401 కంప్యూటర్ కోసం 1959లో వచ్చిన ఆర్‌పీజీ దారి వేరు. కార్డు చదువు, లెక్క కట్టు, అచ్చు వెయ్యి అనే చక్రం దాని లోపలే తిరుగుతుంది. రాసేవాళ్ళు నింపేది ఫారాలు: ఏ ఫైలు, కార్డులో ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏ అంకె, ఏ అంకె మారినప్పుడు మొత్తం వెయ్యాలి. రైతు నంబరు మారగానే మొత్తం వేసి తర్వాతి రైతుకి వెళ్ళే మీ బిల్లు అచ్చంగా దానికి తగిన పని. నేటి యాప్‌షీట్ తెరలో గళ్ళు నింపడం ఆ పద్ధతికి కొనసాగింపే.

రెండో పాయ స్ప్రెడ్‌షీట్లది. 1979లో వచ్చిన విసిక్యాల్‌లో 254 వరుసలు, 63 నిలువు వరుసలు. అది అడ్డంగానో నిలువుగానో వరసపెట్టి లెక్కించేది కాబట్టి, కింది గడి మీద ఆధారపడిన పై గడి ఒక్కోసారి పాత అంకే చూపించేది. ఏ గడి దేని మీద ఆధారపడిందో తనే కనుక్కుని లెక్కించే పద్ధతి 1983 నాటి లోటస్ 1-2-3తో జనంలోకి వచ్చింది. "ఏది ముందు" అన్న చింత వదిలింది అక్కడే. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్ద మలుపు.

మీ ఫాక్స్‌ప్రోలో "స్కాన్ – ఎండ్‌స్కాన్" అని చుట్టు తిప్పేది మీరే. యాప్‌షీట్‌లో అది ఉండదు, తెర గీయడం ఉండదు, ఫోన్ నుంచి సర్వర్‌కి పంపడం ఉండదు. మిగిలేవి మూడు నిర్ణయాలు: ఒక వరుస అంటే ఏమిటి, దాన్ని దేనితో గుర్తుపట్టాలి, ఏ అంకె ఎప్పుడు గడ్డకట్టాలి, అంటే ఇక మారకుండా నిలిచిపోవాలి.

సింక్‌బటన్

ఆ మూడో నిర్ణయం దగ్గరే బిల్లులు తప్పుతాయి, అందుకని దాన్నే విడమరుస్తాను.

నాలుగు షీట్లు పెట్టండి: రైతులు, పోతలు (ఒక్కో రైతు ఒక్కో పూట పోసిన పాలు), చార్టులు, రేట్లు. రైతులకి కీ, అంటే వరుసని గుర్తుపట్టే గుర్తు, సభ్యత్వ సంఖ్య. పేరు పనికిరాదు, ఒకే ఊళ్ళో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. పోతలకి కీ ఒక అక్షరాల (టెక్స్ట్) నిలువు వరుస, దాని ఇనీషియల్ వాల్యూలో (వరుస పుట్టినప్పుడు పడే విలువ) యునీక్‌ఐడీ ఫంక్షన్ (మరెక్కడా లేని గుర్తు ఇచ్చేది). వరుస సంఖ్యని కీగా ఒప్పుకోవద్దు. షీట్‌లో ఎవరైనా ఒక వరుస తీసేసినా, క్రమం మార్చినా ఒకరి పాలు ఇంకొకరికి చేరతాయి.

అచ్చు చార్టు గళ్ళ పట్టిక: అడ్డంగా ఎస్ఎన్ఎఫ్, నిలువుగా వెన్న. యాప్‌కి దాన్ని పొడుగ్గా విప్పాలి, ఒక్కో జతకి ఒక్కో వరుస. వెన్న 5.0 నుంచి 10.0 దాకా 51 మెట్లు, ఎస్ఎన్ఎఫ్ 8.0 నుంచి 9.5 దాకా 16 మెట్లు, వెరసి 816 వరుసలు. కీలో దశాంశ బిందువు పెట్టకండి. 6.5 ఒకచోట "6.5"గా, ఇంకోచోట "6.50"గా అక్షరాలైతే రెండూ కలవవు. పదితో గుణించి పూర్ణసంఖ్య చేసి "3-65-90" అని కట్టండి. మొదటి 3 చార్టు నంబరు, 65 వెన్న, 90 ఎస్ఎన్ఎఫ్.

ఇక గడ్డకట్టే విషయం. రేటుని వర్చువల్ కాలమ్‌గా (షీట్‌లో దాచకుండా ఎప్పటికప్పుడు లెక్కించే నిలువు వరుస) పెడితే, చార్టు మార్చిన రోజే పాత బిల్లులన్నీ మారిపోతాయి. రేటుని ఇనీషియల్ వాల్యూగా పెట్టి తాళం వేస్తే ఇంకో చిక్కు: వెన్న 5.6ని 6.5 అని తర్వాత దిద్దినా పాత రేటే ఉండిపోతుంది. అందుకే చార్టు నంబరుని ఇనీషియల్ వాల్యూగా గడ్డకట్టించి (మ్యాక్స్‌రోతో, పోత తేదీకి అమల్లో ఉన్న తాజా చార్టు), రేటుని ఆ నంబరుతో లుకప్ చేసే (రేట్ల పట్టికలో వెతికి తెచ్చే) యాప్ ఫార్ములాగా, అంటే ఆ వరుస దిద్దినప్పుడల్లా మళ్ళీ లెక్కించేదిగా పెట్టండి. కొత్త చార్టు వస్తే కొత్త నంబరుతో 816 వరుసలు కిందకి చేర్చాలి. పాత వరుసల మీద చెయ్యి పడకూడదు.

చార్టులో లేని జత కొడితే లుకప్ ఖాళీ ఇస్తుంది, మొత్తం సున్నా అవుతుంది, ఎర్రగీత కూడా రాదు. ఆ కీ రేట్ల పట్టికలో ఉంటేనే సేవ్ అయ్యేలా ఎస్ఎన్ఎఫ్ దగ్గర వ్యాలిడ్ ఇఫ్ (విలువ సరైనదో కాదో చూసే) షరతు తప్పనిసరి.

పాలపుంత

చార్టు నంబరుని గడ్డకట్టించే ఉపాయం తట్టలేదండీ, ధన్యవాదాలు. ఏడాదికి 120 × 2 × 365 = 87,600 వరుసలు. షీట్ తట్టుకుంటుందా? రెండు ఫోన్లలో నమోదు చేయొచ్చా?

ఆడిట్‌కళ్ళు

గూగుల్ షీట్ పరిమితి కోటి గళ్ళు. 12 నిలువు వరుసలైతే మీకు ఏడాదికి 10,51,200. పరిమితి దూరమే, కానీ సింక్ (ఫోన్‌లోని వివరాలు, షీట్‌లోని వివరాలు ఒకటి చేసుకోవడం) అంతకు చాలా ముందే నెమ్మదిస్తుంది. గత 30 రోజులవే ఫోన్‌కి దిగేలా సెక్యూరిటీ ఫిల్టర్ పెట్టండి. షీట్ అయితే సర్వర్ ముందు మొత్తం చదివాకే వడకడుతుంది కాబట్టి, ఏడాదికో షీట్ విడదీయడం మంచిది. ఈ ఫిల్టర్ వరుసల్నే వడకడుతుంది కాబట్టి, ఖాతా నంబర్లు దాచాలంటే వాటిని వేరే పట్టికలో ఉంచి దానికి ఈ ఫిల్టర్ పెట్టాలి, తెర మీద కనపడకుండా చేయడం భద్రత కాదు.

పరిమితుల్లో భయపడాల్సింది చప్పుడు చేయకుండా కోసేవాటికి. 2020 సెప్టెంబరు–అక్టోబరుల్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు జాబితాలోంచి జారిపోయాయి. కారణం, పాత ఎక్సెల్ ఫైలు రకంలో 65,536 వరుసలే పట్టడం. మైక్రోసాఫ్ట్ వారి నో-కోడ్ సాధనం పవర్ యాప్స్‌లోనూ డెలిగేట్ కాని (లెక్కని సమాచారం ఉన్నచోటికే అప్పగించలేని) సూత్రం మొదటి 500 వరుసలే చూస్తుంది, పెంచుకున్నా 2,000 దాకానే. తయారుచేసేవాళ్ళకి హెచ్చరిక కనపడుతుంది, వాడేవాళ్ళకి మాత్రం తప్పు మొత్తమే కనపడుతుంది.

రెండు ఫోన్లు వాడొచ్చు, కీలు ఢీకొనవు. కానీ నెట్ లేనప్పుడు ఒక ఫోన్‌లోని నమోదు రెండోదానికి తెలీదు, ఒకే రైతు రెండుసార్లు పడొచ్చు. పూటకి ఒకే ఫోన్ అని కేంద్రంలోనే కట్టుబాటు పెట్టండి.

షీట్ సెట్టింగుల్లో లొకేల్ (తేదీలు రాసే దేశపు పద్ధతి) ఇండియా, యాప్‌షీట్ పట్టికలోనూ అదే ఉండాలి. లేకపోతే జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. 12వ తేదీ దాటితే తేడా బయటపడుతుంది, అప్పటికి ఒక బిల్లు వెళ్ళిపోయి ఉంటుంది. నిలువు వరుస చేర్చాలన్నా, పేరు మార్చాలన్నా ఫోన్లన్నీ సింక్ అయ్యాక షీట్‌లో మార్చి, వెంటనే యాప్‌షీట్‌లో స్కీమా (నిలువు వరుసల అమరిక) మళ్ళీ తయారుచేయించాలి.

సింక్‌బటన్

ఒకటి చేరుస్తాను. ఒక బిల్లు కాలం, అంటే పది రోజులు, ఫాక్స్‌ప్రోనీ దీన్నీ పక్కపక్కనే నడపండి. పాతది ప్రతి పోతనీ పైసలకి సవరిస్తుందా, చివర్లో మొత్తాన్నా అన్నది ముందు చూడండి. పూట పూటకీ పోస్తే బిల్లుకి 20 పోతలు. ఒక్కోదానికి సవరింపు తేడా అరపైసా మించదు, కాబట్టి రైతుకి ఎక్కువలో ఎక్కువ 10 పైసలు. అది దాటిందంటే సవరింపు తేడా కాదు. ఆ రైతు పోతల్లో చార్టు నంబరు, కీ ఒక్కొక్కటీ సరిచూడండి.